కొత్త బ్యాటరీ కూడా దిగిపోయింది: లీకేజీ వెతికిన నా అనుభవం

నాలుగు రోజులు కదపకుండా ఉంచిన కారు అయిదో రోజు ఉదయం స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు దీపాలు ఒకసారి వెలిగి మసకబారాయి. బానెట్ కింద, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే సోలనాయిడ్ టకటకమని కొట్టుకుంది తప్ప సెల్ఫ్ తిరగలేదు. పక్కింటివారి కారు నుంచి జంపర్ కేబుళ్లు తగిలించి ఎలాగో స్టార్ట్ చేసి, నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన బ్యాటరీకి, ఎక్కువ కరెంటు లాగి దాని సత్తా చూసే లోడ్ టెస్టర్ తగిలించగానే ముల్లు కిందికి పడిపోయింది. "నాలుగేళ్లు వచ్చిందంటే ఎక్కువే సార్, మార్చేద్దాం" అన్నాడు. బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు వస్తుందని నేనూ విన్నవాడినే కనుక మారుమాట్లాడకుండా కొత్తది వేయించుకున్నాను.

అక్కడే తప్పు జరిగింది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ, అది మంచిదైనా పాడైనా, లోడ్ టెస్టులో ఓడిపోయి తీరుతుంది. ముందు నిండుగా చార్జి చేసి, ఆ తర్వాతే పరీక్షించాలి. ఈ విషయం నాకు తెలిసేసరికి పాత బ్యాటరీ చేతులు మారిపోయింది. పన్నెండు రోజుల తర్వాత, మధ్యలో మళ్లీ నాలుగు రోజులు ఆపిన సందర్భంలో, కొత్త బ్యాటరీ కూడా అచ్చం పాతదానిలాగే టకటకమంది. ఇక ఎవరినో అడిగి వస్తువులు మార్పించుకుంటూ పోవడం కంటే, కరెంటు ఎక్కడికి పోతోందో నేనే కొలిచి చూడాలని నిశ్చయించుకున్నాను. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన మా బావమరిది తన డిజిటల్ మల్టీమీటరు ఇచ్చి, ఎలా వాడాలో ఫోనులో చెప్పాడు.

బ్యాటరీ దిగిపోవడానికి మూడు చోట్ల కారణం ఉండవచ్చు: బ్యాటరీ తనలో చార్జిని నిలుపుకోలేకపోవడం, నడిచేటప్పుడు ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాన్ని సరిగా నింపకపోవడం, లేదా ఆపి ఉంచిన కారులో ఏదో ఒకటి రహస్యంగా కరెంటు తాగుతూ ఉండడం. మొదట ఆల్టర్నేటర్ సంగతి చూశాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద 14.2 వోల్టులు కనిపించాయి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసినా 13.9 దగ్గర నిలబడింది కాబట్టి ఆల్టర్నేటర్ నిర్దోషి. తర్వాత బ్యాటరీని రాత్రంతా చార్జర్‌కు పెట్టి నింపి, కారు నుంచి పూర్తిగా విప్పి గదిలో ఒక మూల ఉంచాను. చార్జర్ తీసిన వెంటనే కొలిస్తే పైపై చార్జి వల్ల వోల్టేజి ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది కనుక, పన్నెండు గంటలు ఆగి కొలిచాను. 12.68 వోల్టులు. మూడు రోజుల తర్వాత కొలిస్తే 12.66. నిండిన బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నప్పుడు 12.6కు పైన ఉండాలి, 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే. మూడు రోజుల్లో ఒక వోల్టులో యాభయ్యో వంతు మాత్రమే తగ్గిన బ్యాటరీని ఇక అనుమానించనక్కర లేదు. కరెంటు కారే తాగుతోంది.

కారు ఎంత తాగుతోందో తెలియాలంటే మైనస్ కేబులు విప్పి, ఆ కేబులుకూ బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ మధ్య మీటరును పెట్టాలి. అప్పుడు కారులోకి పోయే కరెంటంతా మీటరు గుండానే పోతుంది. ప్లస్ వైపు ఈ పని చేస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి కనుక మైనస్ వైపే మేలు. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి అంతా సిద్ధం చేసుకున్న నేను, ఎందుకు చేశానో ఇప్పటికీ సమాధానం లేదు గానీ, లోపల దీపాలు వెలుగుతున్నాయో లేదో చూద్దామని తాళం తిప్పాను, అదీ స్టార్ట్ దాకా. మీటరు తెర మీద సున్నా పడింది. ఫోను చేస్తే మా బావమరిది మొదటి మాటే "బావా, తాళం తిప్పావా?" అన్నాడు. సెల్ఫ్ తిరగడానికి వంద ఆంపియర్లకు పైగా కావాలి, మీటరు లోపలి గాజు ఫ్యూజు పదికే కాలిపోతుంది. ఆ రోజుకు పని అంతటితో ఆగిపోయింది.

ఫ్యూజు మార్చి రెండోసారి మొదలుపెట్టినప్పుడు జాగ్రత్తపడ్డాను. ఫ్యూజుల దగ్గరికి చేరడానికి డ్రైవర్ వైపు తలుపు తెరిచే ఉంచాలి కాబట్టి, తలుపు లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కి, తలుపు మూసే ఉందని కారును నమ్మించాను. రిమోట్ తాళాన్ని ఇంట్లో దూరంగా పెట్టాను. కేబులు తగిలిన వెంటనే మీటరు 3 ఆంపియర్లకు పైన చూపింది, కాసేపటికి 1.2కు దిగింది. ఇక్కడ కంగారుపడేవారు చాలామంది ఉంటారనుకుంటాను. ఇప్పటి కార్లలో కంప్యూటర్ యూనిట్లు కారు ఆపి తాళం తీసిన వెంటనే నిద్రపోవు, ఒక్కొక్కటిగా పడుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి కొన్నిసార్లు గంట దాకా పడుతుంది. ఆ లోపల చూసే అంకెకు విలువ లేదు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇరవై అయిదో నిమిషానికి అంకె 0.41 దగ్గర ఆగి, మరో అరగంట గడిచినా కదల్లేదు.

అన్నీ నిద్రపోయాక కారు 0.05 ఆంపియరుకు మించి తీసుకోకూడదు. నా కారు దానికి ఎనిమిది రెట్లు తీసుకుంటోంది. రోజుకు 24 గంటలు, గంటకు 0.41 చొప్పున దాదాపు 10 ఆంపియర్-గంటలు. నా బ్యాటరీ సామర్థ్యం 45. నాలుగు రోజుల్లో 40 పోతే సెల్ఫ్ తిప్పడానికి ఏం మిగులుతుంది? ఆ లెక్క కాగితం మీద వేసి చూసినప్పుడు, నాలుగో రోజుకే ఎందుకు చస్తోందో తెలిసి, మొదటిసారి కాస్త తృప్తి కలిగింది.

ఇక ఫ్యూజులు. ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడమని అందరూ చెప్పే పద్ధతి. నేను రెండు పీకి తిరిగి పెట్టేసరికి ఏదో యూనిట్ మేలుకుని అంకె మళ్లీ ఆంపియరు దాటింది, మళ్లీ ఇరవై నిమిషాల నిరీక్షణ. అందుకని ఫ్యూజు పీకకుండా కొలిచే పద్ధతి పట్టుకున్నాను. బ్లేడ్ ఫ్యూజు తల మీద ఇరువైపులా రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. కరెంటు పారుతున్న ఫ్యూజుకు స్వల్పంగానైనా నిరోధం ఉంటుంది కనుక ఆ రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టుల్లో ఏదో ఒక అంకె వస్తుంది, పారకపోతే సున్నా. కేబులును బ్యాటరీకి యథాప్రకారం బిగించి, కారును నిద్రపోనిచ్చి, మీటరును మిల్లీవోల్టులకు మార్చి, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి వరసగా తాకించుకుంటూ పోయాను. సున్నా, సున్నా, ఒకచోట 0.1, మళ్లీ సున్నాలు. ఒక 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు దగ్గర మాత్రం 2 మిల్లీవోల్టులు నిలకడగా కనిపించాయి. మీటరును తిరిగి కేబులు మధ్య పెట్టి, కారు నిద్రపోయాక ఆ ఫ్యూజు పీకగానే అంకె 0.41 నుంచి 0.03కు పడింది.

ఫ్యూజు పెట్టె మూత లోపలి పట్టిక ప్రకారం ఆ ఫ్యూజు రూమ్ లైటు, గడియారం, మ్యూజిక్ సిస్టమ్, మెకానిక్ లోపాలు చదివే స్కానర్ తగిలించే సాకెట్, ఈ నాలుగింటికీ కలిపి ఉంది. సాకెట్‌లో ఏమీ లేదు, రూమ్ లైటు ఆరే ఉంది, బల్బు తీసి చూసినా మార్పు లేదు. మ్యూజిక్ సిస్టమ్ తెర నల్లగా ఉండడంతో దాన్ని వదిలేయబోయి, ఎందుకో దాని పక్క అంచు మీద అరచేయి ఆనించాను. వెచ్చగా ఉంది. తాళం తీసి గంట దాటిన కారులో, నీడలో, ఆ ఒక్క పెట్టె మాత్రం ఇప్పుడే నిద్ర లేచిన పిల్లాడి ఒళ్లులాగా వెచ్చగా ఉంది.

ఏడు నెలల కిందట పాత రేడియో తీయించి బయట ఒక దుకాణంలో బిగించుకున్న ఆండ్రాయిడ్ తెర అది. చట్రం ఊడదీసి బయటికి లాగితే వెనక తీగల గుట్టు బయటపడింది. ఇటువంటి సిస్టమ్‌లకు పసుపు తీగ ఎల్లప్పుడూ కరెంటు ఉండే చోటికి వెళ్లాలి, అది సెట్టింగుల జ్ఞాపకాన్ని కాపాడడానికి. ఎర్ర తీగ తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే చోటికి వెళ్లాలి, అదే సిస్టమ్‌ను లేపి, నిద్రపుచ్చేది. ఇక్కడ రెండింటినీ కలిపి మెలిపెట్టి, ఒకే టేపు చుట్టి, ఎల్లప్పుడూ కరెంటు ఉండే తీగకు కట్టారు. తాళంతో వచ్చే కారు తీగ కొసకు టేపు చుట్టుకుని పక్కనే ఖాళీగా వేలాడుతోంది. తెర ఆరినా లోపలి కంప్యూటర్‌కు మాత్రం ఏడు నెలలుగా కారు నడుస్తున్నట్టే లెక్క. తాళం లేకుండానే పాటలు వస్తున్నాయని ఆ రోజు మురిసిపోయి దుకాణదారును మెచ్చుకున్నవాడిని నేనే.

మరి ఏడు నెలలు ఎందుకు బయటపడలేదు? అప్పుడు రోజూ ఆఫీసుకు రానూపోనూ గంటన్నర నడిపేవాడిని, రాత్రి పోయినది పగలు నిండేది. ఇంటి నుంచే పని మొదలై కారు రోజుల తరబడి నిలబడిపోయాకే లెక్క తప్పింది. 'ఈ మధ్య కారులో ఏం మార్చావు?' అని ఎవరు అడిగినా 'ఏమీ లేదు' అన్నాను. నిజానికి మారింది కారు కాదు, నా దినచర్య.

ఎర్ర తీగను విడదీసి దాని చోటికి సోల్డర్ చేసి స్లీవ్ తొడిగాను. కారు నిద్రపోయాక మీటరు 0.05 లోపే చూపింది. అడుగంటిన బ్యాటరీని చిన్న ప్రయాణాలతో ఆల్టర్నేటర్ నింపుతుందని వదలకుండా, సామర్థ్యంలో పదో వంతు లోపు కరెంటుతో, 4 ఆంపియర్ల దగ్గర, రాత్రంతా చార్జి చేశాను. తర్వాత కావాలనే కారును తొమ్మిది రోజులు కదపలేదు. పదో రోజు ఉదయం టెర్మినళ్ల మీద 12.54 వోల్టులు ఉన్నాయి. సెల్ఫ్ మొదటి తిప్పుకే అందుకుంది. తాళం తీస్తే ఇప్పుడు పాట మధ్యలోనే ఆగిపోతోంది.