ఫతే మైదాన్ గేటు ముందు

"ఇక్కడ కాసేపు ఆపమ్మా" అన్నారు నాన్న. ఎల్బీ స్టేడియం గేటు ముందు. ఆయనకు అది ఇప్పటికీ ఫతే మైదానే.

కారు దిగలేదు. అద్దం దించి, కుడి చెయ్యి గుప్పిట బిగించి చూపించారు. "టికెట్టు డబ్బులు ఇట్లా పట్టుకుని పరిగెత్తేవాళ్లం. చెమటకి చిల్లర అరచేతికి అంటుకుపోయేది."

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన కాలం. కోచ్ రహీం సాబ్. ఆ పేరు చెప్పేటప్పుడు నాన్న గొంతు ఇప్పటికీ మారుతుంది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చిన భారత జట్టుకీ ఆయనే కోచ్. మరుసటి ఏడాదే పోయారు.

మ్యాచ్ అయ్యాక పెదనాన్న సైకిల్ క్యారియర్ మీద సికింద్రాబాద్ దాకా గోల్ గురించి వాదనేనట. పల్లీల పొట్లం ఖాళీ అయినా వాదన అయ్యేది కాదట.

పొద్దున వేసుకున్న మాత్ర నాన్నకి గుర్తుండదు. మన అమ్ముగూడ బలరాం ఎడమ వైపు నుంచి ఎలా దూసుకొచ్చేవాడో మాత్రం డ్యాష్‌బోర్డు మీద వేలితో గీసి చూపించారు. రెండుసార్లు.

వచ్చే ఆదివారం మా అబ్బాయిని కూడా తీసుకొస్తాను. ఇదే గేటు దగ్గర ఆపుతాను.