కామెంటరీ లేని శనివారం

12 మార్చి 2023, ఆదివారం
స్టాక్‌పోర్ట్

మొన్న కురిసిన మంచు నిన్నటికి కరిగిపోయి రోడ్డు పక్కనంతా చిత్తడిగా ఉంది. అయినా సాయంత్రం పబ్‌కి వెళ్లాను. శనివారం బీర్ బ్యాచ్‌ని కలవకపోతే వారమంతా ఏదో వెలితిగా ఉంటుంది. ఈయన రాలేదు. ఈయనకి బీరంటే పడదు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఐదున్నరకి మాంచెస్టర్ సిటీ మ్యాచ్ ఉంది, క్రిస్టల్ ప్యాలెస్‌తో. "నువ్వెళ్లు, నన్ను మాత్రం కదిలించకు" అని సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

ఈ బ్యాచ్ గురించి డైరీలో ఎప్పుడూ సరిగ్గా రాసుకోలేదు. అందరం పీపా బీరు పిచ్చోళ్లమే. రాబిన్సన్స్ బ్రూవరీ ఉన్న ఊరు కదా, ఇక్కడ ఇలాంటి వాళ్లకి కొదవ లేదు. ఒకాయన రిటైరైన పోస్ట్‌మన్. 1971లో పుట్టిన కామ్రా అనే బీరు ప్రియుల సంఘంలో పాత మెంబరు. వయసులో మా బాపు కంటే కొంచెం పెద్ద, అందుకే మనసులో పెద్దాయన అనుకుంటాను. ఒకావిడ స్కూల్లో హిస్టరీ చెబుతుంది. ఇంకో గడ్డం కుర్రాడు చిన్న బ్రూవరీలో పీపాలు కడగడంతో మొదలుపెట్టి ఇప్పుడు సొంతంగా బీరు కాచే దాకా వచ్చాడు. నేను ఫుడ్ ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని కాబట్టి, ఈస్ట్ గురించి గొడవొస్తే తీర్పు నాది.

పీపా బీరు అంటే బతికున్న సరుకు. పీపాలోకి వెళ్లాక కూడా ఈస్ట్ పని చేస్తూనే ఉంటుంది. బయట్నుంచి గ్యాస్ ఎక్కించరు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచి, హ్యాండ్ పంప్‌తో లాగి పోస్తారు. తెరిచిన పీపా రెండు మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలి. హన్మకొండలో ఐసులో పెట్టిన 650 మి.లీ. సీసాలకి అలవాటు పడ్డ మా తమ్ముడు ఇక్కడికొచ్చినప్పుడు ఒక్క గుక్క తాగి, "ఇదేందక్కా, చల్లగనే లేదు" అని పక్కన పెట్టేశాడు. నాకు మాత్రం మొదటిసారే అమ్మమ్మ వాళ్లూరి కల్లు గుర్తొచ్చింది. పొద్దున దింపినప్పుడు తియ్యగా ఉండి, మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి ముక్కు దగ్గర పెట్టుకోలేనంత పులిసిపోయేది. అమ్మమ్మ మధ్యాహ్నపు కల్లే మంచిదనేది. ఆవిడకి ఏ ల్యాబూ అక్కర్లేదు.

నిన్న సగం పింట్ మైల్డ్ (తక్కువ ఘాటు బీరు) తీసుకున్నాను. నేనెప్పుడూ సగాలే. సగం పింట్ మైల్డ్ అంటే సుమారు ఒక యూనిట్ ఆల్కహాల్. వారానికి 14 యూనిట్లు దాటొద్దన్నది ఇక్కడి ప్రభుత్వ డాక్టర్ల సలహా, ఆ లెక్క నా తలలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. గ్లాసు ఇంకా పెదాలకి తగలకుండానే వెనిగర్ వాసన గుప్పుమంది. కౌంటర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి ఒక్కసారి వాసన చూసింది. మారు మాట్లాడకుండా సింకులో పారబోసి, ఆ పంప్ మీది పేరు బిళ్లని వెనక్కి తిప్పి, వేరేది పోసిచ్చింది. బిళ్ల వెనక్కి తిరిగిందంటే ఆ బీరు లేదని అర్థం. ఎవరూ కారణం అడగరు, పక్క పంప్ వైపు చూస్తారు.

"ఈ వారం దేశంలో గొడవ లేకుండా ఆగిపోయింది ఇదొక్కటే" అన్నాడు కుర్రాడు. అంతే, బీబీసీ ఫుట్‌బాల్ యాంకర్ గ్యారీ లినెకర్ పురాణం మొదలైంది.

మంగళవారం హోం మంత్రి సువెల్లా బ్రేవర్మన్ ఒక బిల్లు తెచ్చింది. చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానల్ దాటి వచ్చేవాళ్లని నిర్బంధించి పంపించేయడానికి. (హోం మంత్రీ భారతీయ మూలాలున్న ఆవిడే, ప్రధాని రిషి సునాకూ అంతే. మా వాట్సాప్ గ్రూపుల్లో దీపావళికి స్వీట్లు పంచుకున్నంత సంబరం చేసినవాళ్లెవరూ ఈ బిల్లు ఊసెత్తలేదు.) దాన్ని విమర్శిస్తూ గ్యారీ లినెకర్ ట్వీట్ చేశాడు. బలహీనుల గురించి వాడుతున్న ఆ భాష 1930ల నాటి జర్మనీ భాషకి దూరంగా ఏమీ లేదన్నది సారాంశం. నిష్పాక్షికత రూల్స్ దాటాడని శుక్రవారం బీబీసీ ఆయన్ని, ఆయన శనివారం రాత్రుళ్లు నడిపే ఫుట్‌బాల్ షో మ్యాచ్ ఆఫ్ ది డే నుంచి పక్కన పెట్టింది. ఆ షోలో ఆటని విశ్లేషించే పాత ఆటగాళ్లు ఇయాన్ రైట్, అలన్ షియరర్ ఆయన లేకపోతే మేమూ రామన్నారు. కామెంటేటర్లూ తప్పుకున్నారు. నిన్న మధ్యాహ్నం రావాల్సిన ఫుట్‌బాల్ ప్రోగ్రాములు కూడా రాలేదు. 1964 నుంచి నడుస్తున్న షో, మనుషులు లేక బోసిపోయింది.

పెద్దాయన లెక్క ఆయనది. "బీబీసీ నడవడానికి ఏడాదికి 159 పౌండ్లు టీవీ లైసెన్స్ ఫీజు కడుతున్నా. అందులోంచి ఆయనకి 13.5 లక్షల పౌండ్లు ఇస్తున్నారు. బంతి గురించి మాట్లాడమను. నేను యూనిఫాం వేసుకుని ఉత్తరాలు పంచుతూ ఇంటింటికీ నా రాజకీయాలు చెప్పానా?"

టీచరమ్మ ఒప్పుకోలేదు. ఆయన న్యూస్ చదివేవాడు కాదు, ఫ్రీలాన్సర్, అదీ సొంత ట్విట్టర్‌లో రాశాడు అంది. పైగా బీబీసీ ఛైర్మన్ మీదే విచారణ నడుస్తోంది, బోరిస్ జాన్సన్‌కి 8 లక్షల పౌండ్ల అప్పుకి హామీ కుదిర్చిన వ్యవహారంలో ఆయన పాత్ర ఏమిటని. అక్కడ పట్టించుకోని నిష్పాక్షికత ఆటల యాంకర్ దగ్గరే గుర్తొచ్చిందా అని ఆవిడ ప్రశ్న. నవంబరులో ఖతర్ వరల్డ్ కప్ మొదలైన రోజున ఇదే లినెకర్ అక్కడి వలస కూలీల గురించీ, మానవ హక్కుల గురించీ బీబీసీ తెర మీదే మాట్లాడాడు, అప్పుడు ఎవరికీ నొప్పి కలగలేదు. ఈ పాయింట్ నాకు బాగా నచ్చింది. పరాయి దేశం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, సొంత ప్రభుత్వం దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని రూల్సూ గుర్తొస్తాయి. అయితే ఖతర్ పేరెత్తగానే చర్చ పక్కదారి పట్టింది. టోర్నీకి రెండు రోజుల ముందు స్టేడియాల్లో బీరు అమ్మకం ఆపేశారు కదా, ఆ అన్యాయం మళ్లీ ఒకసారి తవ్వుకున్నారు. అప్పట్లోనూ అంతే, మా బల్ల దగ్గర కూలీల కంటే బీరుకే ఎక్కువ సానుభూతి దొరికింది.

తమాషా తర్వాత జరిగింది. 2019లో కామ్రా వాళ్ల గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్‌లో ఆడవాళ్లని చులకన చేసే పేర్లూ బొమ్మలూ ఉన్న బీర్లని నిషేధించారు. ఆ సంగతి ఎత్తేసరికి పెద్దాయన ఒక్కసారిగా భావ ప్రకటనా స్వేచ్ఛకి లాయరైపోయాడు. "జోకు కూడా వేసుకోకూడదా? ఇదేం దేశం?" అని బల్ల గుద్దాడు. ఇప్పటిదాకా లినెకర్ తరఫున వాదించిన టీచరమ్మేమో, ఎవరి వేదిక వాళ్లిష్టం, ఆ బొమ్మలు పెట్టకపోతే కొంపలేం మునగవు అంది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలీదు. నా మటుకు నాకు ఆ బొమ్మలు పోవడం హాయిగానే ఉంది. అర్ధనగ్నంగా ఉన్న ఆడదాని బొమ్మ వైపు వేలు చూపించి "అది ఒక సగం పింట్ ఇవ్వండి" అని అడగాల్సిన అవస్థ మగవాళ్లకి అర్థం కాదు. అదే మాట అన్నాను. పెద్దాయన కాసేపు గ్లాసులో నురగ చూసుకున్నాడు గానీ ఒప్పుకోలేదు.

కుర్రాడు నా వైపు తిరిగాడు. "మీ దేశంలో బీబీసీ ఆఫీసుల మీద దాడి జరిగిందట కదా?"

ఫిబ్రవరి 14న ఢిల్లీ, ముంబై ఆఫీసులకి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు వెళ్లారు, దాడి కాదు సర్వే అన్నారు, మూడు రోజులు నడిచింది. అంతకుముందు జనవరిలో 2002 గుజరాత్ అల్లర్ల మీద బీబీసీ డాక్యుమెంటరీ లింకుల్ని ఐటీ రూల్స్‌లోని అత్యవసర అధికారాలు వాడి తీసేయించారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు స్క్రీన్ కట్టుకుని మరీ చూశారు. ఇదంతా చెప్పి, మా ఇంటి ముచ్చట కూడా చెప్పాను. 2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన కొత్తలో, ఎమ్మెల్యేలని వెక్కిరించే ప్రోగ్రాం వేశారని గొడవై కేబుల్ వాళ్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. బాపు రిమోట్ చెడిపోయిందనుకుని బ్యాటరీలు మార్చాడు. ఎవరు ఆపారంటే ప్రభుత్వం మేం కాదంది, కేబుల్ వాళ్లు అది మా ఇష్టమన్నారు. బాపుకి ఆ ప్రోగ్రాం అస్సలు నచ్చలేదు, మన యాసని ఎగతాళి చేశారని తిట్టాడు. అయినా "నచ్చకుంటే నేను బంద్ జేసుకుంట గానీ, ఆయనెవరు బంద్ జెయ్యనీకి?" అని రోజూ కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేవాడు.

బాపు జిల్లా కోర్టులో గుమస్తాగా చేశాడు. జస్టిస్ జీవన్ రెడ్డి పేరు చెబితే ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారం ఎవరిదని దూరదర్శన్‌కీ బెంగాల్ క్రికెట్ సంఘానికీ కొట్లాట వస్తే, 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తసొత్తు కాదంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసి అక్కడికి వెళ్లిన మనాయనే ఆ బెంచీలో ఉండి విడిగా తీర్పు రాశాడు. తరంగాలు ప్రజలవే, సరే. వైరు మాత్రం కేబుల్ అబ్బాయి చేతిలో ఉంది. ఈ మాటకి కుర్రాడు పగలబడి నవ్వాడు.

ఇంత మాట్లాడాం గానీ, అసలు ట్వీట్ ఎవరి గురించో వాళ్ల పేరెత్తలేదు. నేనే ఎత్తాను, పడవల్లో వచ్చేవాళ్ల సంగతేంటని. పెద్దాయన నా చేతి మీద తట్టి, "నీ గురించి కాదమ్మాయ్. నువ్వు పద్ధతిగా వచ్చావు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అందులో అనుమానం లేదు. ఈ మాట ఇక్కడ చాలామంది నోట విన్నాను. కడుపులో ఏదో తిప్పినట్టవుతుంది, నవ్వి ఊరుకుంటాను. పర్మనెంట్ వీసా ఇంకా చేతికి రాలేదు కాబట్టి ఎక్కడ ఏం మాట్లాడాలన్నా టెన్షనే. లినెకర్‌కి పోతే ఒక షో పోతుంది.

నిన్న ఎందుకో ఊరుకోబుద్ధి కాలేదు. మా చిన్నబాపు సంగతి చెప్పాను. ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి దుబాయ్ పోయాడు. అక్కడ కంపెనీ జీతం ఇవ్వకపోతే బయటపడి ఖల్లివెల్లి అయ్యాడు. పాస్‌పోర్ట్ లేదు, కాగితాల్లేవు, పోలీసు కనబడితే సందులు పట్టుకుని పరుగు. ఆమ్నెస్టీ ప్రకటించాకే ఇంటికి రాగలిగాడు. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇలాంటి మనిషి లేని ఊరుండదు. ఆయనా మొదట పద్ధతిగానే వెళ్లాడు.

"అది వేరు" అన్నాడు పెద్దాయన. ఎలా వేరో చెప్పకుండా బాత్రూంకి వెళ్లాడు. వచ్చేటప్పుడు నాకు ఇంకో సగం పింట్ పట్టుకొచ్చాడు, కొత్త పీపాదట, బాగుంది.

ఇంటికొచ్చేసరికి ఈయన హుషారుగా ఉన్నాడు. ఎర్లింగ్ హాలండ్ కొట్టిన పెనాల్టీతో సిటీ ఒకటి సున్నా. రాత్రి మ్యాచ్ ఆఫ్ ది డే ఇద్దరం కూర్చుని చూశాం. ట్యూన్ లేదు, యాంకర్ లేడు, కామెంటరీ లేదు. జనం అరుపులు, రెఫరీ విజిల్, అంతే. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గోల్ ఎవరు కొట్టారో పోల్చుకోవడానికి ఈయన టీవీకి దగ్గరగా జరిగి కూర్చోవాల్సి వచ్చింది. "వాగుడు లేకపోతే హాయిగానే ఉంది" అన్నాడు, మళ్లీ రెండు నిమిషాలకే "అది ఆఫ్‌సైడ్ కాదా? ఎవరైనా చెప్తే బాగుండు" అని విసుక్కున్నాడు.

ఇవాళ లెక్కలొచ్చాయి. 25.8 లక్షల మంది చూశారట, పోయిన వారం కంటే దాదాపు ఐదు లక్షలు ఎక్కువ. పెద్దాయన వెంటనే గ్రూపులో పెట్టాడు, చూశారా, ఆయన అక్కర్లేదని. వింత చూడ్డానికి వచ్చారు, వచ్చే వారం కూడా ఇలాగే వేసి చూడమనండి అని టీచరమ్మ జవాబు. ఇద్దరివీ ఒకే అంకె మీద వాదనలు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్. "ఏం జేస్తున్నవ్ బిడ్డా, తిన్నవా?" తర్వాత అంతా ఆస్కార్ గురించే. ఈ రాత్రికే కదా, మన 'నాటు నాటు' పాటకి వస్తదా రాదా అని వీధంతా ఎదురుచూస్తోందట. ఇక్కడి గొడవ చెప్పబోతే, "గా ముచ్చట్లు ఫోన్ల మాట్లాడకు, వీసా ఇయ్యరు" అంది. అమ్మకి హన్మకొండలో కూర్చుని కూడా అన్నీ తెలుసు.

రేపు పార్లమెంటులో ఆ బిల్లుకి రెండో రీడింగ్. పొద్దుట్నుంచీ ఏ వార్త తెరిచినా లినెకర్ ముఖమే, ఈ సంగతి మాత్రం వెతుక్కుంటే గానీ దొరకలేదు. ఎక్కడ చూడొచ్చని గ్రూపులో అడిగాను. అందరికంటే ముందు పెద్దాయనే జవాబిచ్చాడు: బీబీసీ పార్లమెంట్ చానల్‌లో లైవ్ వస్తుంది, కామెంటరీ ఉండదు. దాని కిందే ఇంకో మెసేజ్: దానికీ ఫీజు కడుతున్నది నేనే.