పామిడి దాటాక మళ్లీ తెగిన బెల్టు

ఈరోజు పగలంతా అనంతపురం గుత్తి రోడ్డులోని మెకానిక్ షెడ్డులోనే గడిచింది. నిన్న పామిడి దగ్గర పెన్న వంతెన దాటిన కాసేపటికే ఛార్జింగ్ దీపం ఎర్రగా వెలగడం, వెనువెంటనే ఇంజను వేడి చూపే ముల్లు పైకి ఎగబాకడం చూసి, ఫ్యాన్ బెల్టు మళ్లీ తెగిందని బండి దిగకుండానే గ్రహించాను. ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపూ, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో కూడా ఆ ఒక్క బెల్టు మీదే తిరుగుతాయి కనుక, తెగాక బండిని ముందుకు లాగితే ఇంజను పైభాగం కింద ఉండే సీలు, హెడ్ గాస్కెట్ మీదికి వస్తుంది.

ఇది పాత మినీబస్సు. నాకు అమ్మినవారు దీన్ని వంటగది, మంచాలతో ఇల్లుగా మార్చుకున్నారు. బెల్టు నాసిరకమని చూసినవాళ్లంతా అన్నారు గానీ, మేలురకం వేసినా తెగుతూనే ఉంది. ఈ ఇంటికి వాస్తు దోషం ఉందని మా ఆవిడ అనుమానం. పూటకో దిక్కు తిరిగే ఇంటికి ఈశాన్యం ఏ మూలో ఆమే చెప్పాలి.

ఈ మేస్త్రీ మాత్రం ముందుగా తెగిన ముక్కను చూపించమన్నాడు. బెల్టు వదులై జారుతుంటే రెండు పక్కలూ నునుపెక్కి మెరుస్తాయి. దీనికి ఒక పక్కే అరిగి, అంచున పోగులు బయటికి లేచి ఉన్నాయి. "బెల్టు వంకరగా పోతాండాది సార్, దాన్ని తిట్టి ఏం లాభం" అంటూ ఇనుప స్కేలు తీశాడు. బెల్టు తిరిగే గాడి చక్రాల, అంటే పుల్లీల అంచుల మందం ఒకేలా ఉండదని గాడి మధ్య నుంచి కొలిస్తే, ఇంజను పుల్లీకి డైనమో పుల్లీ నాలుగు మిల్లీమీటర్లకు పైగా పక్కకు ఉంది. ఇలాంటి బెల్టు అర డిగ్రీ వంకరను మించి ఓర్చుకోదు. అడుగు దూరంలో ఉన్న పుల్లీలకు అర డిగ్రీ అంటే మూడు మిల్లీమీటర్లు కూడా కాదు.

ఫ్రిజ్‌కూ దీపాలకూ రెండో బ్యాటరీ పెట్టినప్పుడు, వెనకటి యజమాని పెద్ద డైనమోను వెల్డింగ్ చేసిన బ్రాకెట్ మీద బిగించారు. 14 వోల్టుల దగ్గర అది 80 ఆంపియర్లు ఇస్తే 1,120 వాట్లు; డైనమోలో పోయే నష్టం కూడా కలిపితే ఇంజను నుంచి దాదాపు రెండున్నర హార్స్‌పవర్ ఆ సన్నని బెల్టు గుండానే రావాలి. ఎక్కడైనా రాత్రి బస చేసి, ఖాళీ బ్యాటరీతో బయలుదేరిన ఉదయాల్లోనే బెల్టు ఎక్కువగా ఎందుకు తెగుతోందో అప్పుడు అర్థమైంది.

బెల్టు తీసి చేత్తో తిప్పితే డైనమో బేరింగ్ గరగరమంది. దాని పుల్లీ గాడి అడుగు కూడా మెరుస్తోంది; బెల్టు పక్కలతో పట్టుకోవాలే తప్ప అడుగున ఆనకూడదు. బేరింగునూ పుల్లీనీ మార్చి, బ్రాకెట్ కింద లేత్ షాపులో కోయించిన స్పేసర్ (ఎడం సరిచేసే బిళ్ల) వేశాక స్కేలు సరిగ్గా ఆనింది. కొత్త బెల్టును స్క్రూడ్రైవరుతో పెరికి ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయని, డైనమో బోల్టులు వదులు చేసి చేత్తోనే ఎక్కించాడు. బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగేలా బిగించాడు. అంతకు మించి బిగిస్తే నీళ్ల పంపు బేరింగ్ పోతుందట. కొత్త బెల్టు కొంత సాగుతుంది కనుక, కాస్త తిరిగాక మళ్లీ చూపించమన్నాడు.

వంకర సరైనా భారం అలాగే ఉంది. 30 ఆంపియర్లకు మించి లాగనివ్వని ఛార్జర్‌ను రెండో బ్యాటరీకి ముందు పెడితే అదీ సగానికి పైగా తగ్గుతుంది. దాని ధర కనుక్కొని వచ్చాను గానీ, ఇంట్లో ఇంకా చెప్పలేదు.