మైనపు కోటుకు మే నెల ఎండ

ఇంగ్లండ్‌లో ఏడాదంతా నన్ను వాన నుంచి కాపాడే కోటుకు చేయాల్సిన సేవ, అంటే మళ్లీ మైనం పట్టించడం, ఇంగ్లండ్‌లో చేయడం నాకు కుదరదు. అందుకే సెలవుకు వచ్చేటప్పుడు దాన్ని కూడా మా ఊరికి తెచ్చుకుంటాను. రాజోలు పక్కన మా ఊళ్లో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అంత ఎండల్లోకి కోటు ఎందుకండీ అని విమానంలో పక్క సీటాయన అడిగాడు. ఎండ కోసమే తీసుకెళ్తున్నానండీ అన్నాను. ఆయన మళ్లీ నన్ను పలకరించలేదు.

నేనుండేది ఉత్తర ఇంగ్లండ్‌లో హెక్సామ్ అనే చిన్న పట్టణం. వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులు వేయించడం, టీ పెట్టి ఇవ్వడం, పక్క సర్దడం నా పని. కోనసీమ నుంచి వలస అంటే ఒకప్పుడు కువైట్, మస్కట్, దుబాయ్. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసాలు తెరిచాక మాలాంటి వాళ్లం అటు వెళ్లాం. 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు భార్యాబిడ్డలను తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలైలో బయటి దేశాల నుంచి తీసుకోవడమే ఆపేశారు. అప్పటికే అక్కడున్నవాళ్లం పని చేసుకుంటున్నాం.

ఒక ఇంట్లో అరగంట, ఇంకో ఇంట్లో పావుగంట. నేను పని చేసే సంస్థ ఇంట్లో గడిపిన నిమిషాలకే జీతం కడుతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే సమయం దాని లెక్కలోకి రాదు. వాన కురిసేది సరిగ్గా ఆ సమయంలోనే.

అక్కడి వానకూ మన వానకూ పోలికే లేదు. మన దగ్గర కుంభవృష్టి కురిసి వెలుస్తుంది, తడిసినా ఒళ్లు వణకదు. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్లు యూరియా బస్తా ఒక మూలను లోపలికి నెట్టి, తలకు తగిలించుకుని, వీపంతా కప్పుకుని రోజంతా నాట్లు వేస్తారు. అక్కడిది సన్నటి తుంపర. గాలికి అడ్డంగా వస్తుంది, మెడ సందులోంచి దిగుతుంది, సాయంత్రానికి ఎముకల్లో చలి పుట్టిస్తుంది. మొదటి చలికాలం ప్లాస్టిక్ రెయిన్‌కోటుతో గడిపాను. అది బయటి నీటిని ఆపింది, లోపల చెమటతో తడిపింది. ఆ తర్వాత పాత బట్టల దుకాణంలో ఈ ముదురాకుపచ్చ కోటు దొరికింది. కొత్తది కొనాలంటే వారం జీతంలో సగానికి పైగా పోతుంది. లండన్‌లో మనవాళ్లు కొందరు దీన్ని ఫొటోల కోసం వేసుకుంటారు. వాళ్ల ఇష్టం. నాకు మాత్రం ఇది కొడవలి, పారల కోవకు చెందిన వస్తువు.

గుడ్డ నూలుదే. దగ్గరగా నేసి, మైనం పట్టిస్తారు. నీరు లోపలికి దిగదు, రబ్బరు కోటులా ఉక్కా పోయదు. ఈ విద్య ఓడల మీద పుట్టింది. తెరచాపలకు నూనె పట్టించే నావికులు, చిరిగిన చాపల ముక్కలనే పైన కప్పుకునేవారు. అప్పట్లో వాడింది అవిసె నూనె. చలికి అది బిరుసెక్కేది, కాలం గడిస్తే పసుపు తిరిగేది. 1930ల నాటికి దాని స్థానంలో పారఫిన్ మైనం వచ్చింది. నా కోటు మీద ఉన్న బార్బర్ అనే పేరు, 1894లో సౌత్ షీల్డ్స్‌లో దుకాణం తెరిచిన జాన్ బార్బర్ అనే స్కాట్లండ్ ఆయనది. హెక్సామ్ పక్కనుంచి పారే టైన్ నది సముద్రంలో కలిసేది ఆ ఊరి దగ్గరే. ఈ కథంతా మా బాబాయికి చెప్పాను. ఆయన సఖినేటిపల్లి రేవులో చాలాకాలం పడవ నడిపిన మనిషి. "గుగ్గిలం, నూనె కలిపి కాచి మేము పడవకు పూశాం. వాళ్లు బట్టకు పూశారు. ఇందులో వింతేముంది?" అని తేల్చేశాడు.

ఈ కోటును ఎలా చూసుకోవాలో నేర్పింది నేను రోజూ వెళ్లే ఇళ్లలో ఒక ముసలి రైతు. ఆయన ఇప్పుడు మంచం దిగలేడు. ఆయన కోటు మాత్రం తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది. నేను సాక్సులు తొడుగుతుంటే ఆయన నా కోటు వైపు చూసి తప్పులు ఎంచుతాడు. సబ్బు తగలకూడదు, వేడి నీళ్లు తగలకూడదు, వాషింగ్ మెషీన్ ఉన్న గదిలోకి కూడా తీసుకెళ్లకు అంటాడు. బురద అంటితే ఆరనిచ్చి, చన్నీళ్లలో ముంచిన స్పాంజితో తుడవాలి. తడిసిన కోటును హీటర్ దగ్గర పెట్టకూడదు, గాలి తగిలేచోట వేలాడదీయాలి. ఇవన్నీ తేలికే. ఏడాదికోసారి మైనం పట్టించడమే అసలు పని. ఎప్పుడు పట్టించాలో కోటే చెబుతుంది. భుజాల మీద చినుకు పూసలా నిలబడి జారిపోకుండా గుడ్డలోకి ఇంకుతుంది. మోచేతి మడతలు వెలిసి, తెల్లటి గీతలు పడతాయి.

సౌత్ షీల్డ్స్‌కు పంపితే డబ్బు తీసుకుని వాళ్లే మైనం పట్టిస్తారు. కోటు తిరిగొచ్చేదాకా నేనేం వేసుకోవాలి? పోనీ ఇంట్లో చేద్దామంటే అయిదుగురం పంచుకునే ఇల్లది, ఉన్నది ఒకటే వంటగది. మైనం కరిగిన వాసన సోఫాకూ కర్టెన్లకూ పడుతుంది, ఇంటి యజమానికి కోపం వస్తుంది. పైగా ఆ చలిలో మైనం గుడ్డకు తగలగానే గడ్డకట్టుకుపోతుంది, అంగుళం అంగుళం హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించుకుంటూ పోవాలి. మా డాబా మీద ఆ అవస్థ లేదు.

ఈసారి డాబా ఎక్కేలోపే అమ్మ దెబ్బ కొట్టింది. "బోలెడంత జీతం తీసుకుంటూ ఈ జిడ్డు కోటేమిటిరా" అని, నేను నిద్ర లేచేసరికి నూతి దగ్గర బండ మీద కోటు పరిచి, దాని కుడి చేతిని బట్టల సబ్బుతో, బ్రష్‌తో రుద్దేసింది. పరుగెత్తి లాక్కునేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా మైనం వదిలి, గుడ్డ మాసిన గోనెలా తేలింది. "చూడు, ఎంత మురికి పోయిందో" అని అమ్మ బకెట్లో నీళ్లు చూపించి మురిసిపోయింది. పోయింది మురికి కాదని ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు.

చన్నీళ్లతో సబ్బంతా వదిలేదాకా కడిగి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. మైనం కరిగించడానికి గిన్నె అడిగితే, పాలు మాడి అడుగు నల్లబడిన సత్తు గిన్నె ఇచ్చి, "ఇది మళ్లీ వంటింట్లోకి రాకూడదు" అంది. పెరట్లో పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం డబ్బా నిలబెట్టాను. మైనం పలచటి నూనెలా మారింది. డాబా మీద ఒక పక్క మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. వాటికి ఈ వాసన తగలకూడదని అమ్మ నన్ను రెండో మూలకు తరిమింది.

కోటును ముందుగా ఎండలో వేడెక్కనిచ్చాను. తర్వాత బనీను ముక్కను మైనంలో ముంచి, కుట్ల వెంబడి మొదలుపెట్టాను. నీరు దూరేది మొదట కుట్ల దగ్గరే. తర్వాత భుజాలు, మోచేతులు, జేబు మూతల అంచులు. కార్డురాయ్ కాలరుకూ, లోపలి అస్తరుకూ, చేతులు పెట్టుకునే జేబుల లోపలికీ తగలనివ్వకూడదు. పూసినచోట గుడ్డ తడిసినట్టు నల్లబడుతుంది, చూస్తుండగానే మైనం లోపలికి ఇంకుతుంది. ఇంకకుండా మెరుస్తూ పైన మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే కూర్చున్న ప్రతి కుర్చీకీ అంటుతుంది. కుడి చేతికి రెండు పూతలు పట్టాయి. చొక్కా తడిసి ముద్దయింది కానీ, పని మధ్యాహ్న భోజనానికి ముందే అయిపోయింది. ఆ రాత్రి వసారాలో మిగతా బట్టలకు దూరంగా వేలాడదీశాను.

బాబాయి దాన్ని వేసుకుని మోటార్‌సైకిల్ మీద రొయ్యల చెరువు దాకా వెళ్లొచ్చాడు. వీపంతా చెమట. "మనకు యూరియా బస్తానే మేలురా" అని తిరిగిచ్చేశాడు. ఆయన మాట నిజమే. ఈ ఉక్కలో ఇది మనిషి ఒంటి మీద నిలవదు, ప్లాస్టిక్ సంచిలో పెడితే మన గాలిలో తేమకు బూజు పడుతుంది. అందుకే పాత నూలు పంచెలో చుట్టి పెట్టెలో సర్దాను.

కుడి చెయ్యి మాత్రం ఎడమ చేతి రంగుకు రాలేదు. వెళ్లగానే నా మొదటి ఇల్లు ఆ ముసలి రైతుదే, ఆయన కన్ను ముందుగా పడేదీ ఆ చేతి మీదే. మా అమ్మ సబ్బుతో రుద్దిందని చెబితే ఆ మనిషి తట్టుకోలేడు. ఎండకు వెలిసిందని చెబుతాను.