స్క్రాప్ బండి కార్బరేటర్‌ను మళ్లీ పనిలో పెట్టడం: నా అనుభవం

పాత కారు కోసం స్క్రాప్ బండి నుంచి ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే ఎస్‌యూ కంపెనీ పరికరం) తీసేటప్పుడు నేను పైమెరుపు చూడను. ముందు థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే డిస్క్‌ను మోసే ఇరుసు) చివర పట్టుకుని పైకీ కిందికీ కదుపుతాను. అది ఆడితే ఆ సందులోంచి అదనపు గాలి మానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌కు వెళ్లే గొట్టంలోకి) పోతుంది. మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) ఎంత సరిచేసినా స్లో (యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం) నిలబడదు. కొత్త స్పిండిల్‌తో కొంత తగ్గుతుంది కానీ, బాడీలోని రంధ్రమే కోలగా అరిగిపోతే బోర్ చేయించి బుష్‌లు వేయించక తప్పదు.

విప్పే ముందు బెల్‌కూ (పైనుండే గంట ఆకారపు మూతకూ) బాడీకీ గుర్తు గీసుకోవాలి. బెల్, దాని లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఒకదానికొకటి జతగా తయారైనవి. వేరే కార్బరేటర్ పిస్టన్ తెచ్చి ఇందులో వేయకూడదు. రెండింటినీ పెట్రోలుతో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఎమరీ కాగితం తాకించారంటే ఆ జత పాడైనట్టే.

థ్రాటిల్ డిస్క్ స్క్రూల చివరలు చీల్చి విచ్చదీసి ఉంటాయి. వాటిని ప్లయర్‌తో దగ్గరకు నొక్కకుండా తిప్పితే స్పిండిల్ మరలు పోతాయి. బిగించేటప్పుడు కొత్త స్క్రూలే వాడతాను. ముందు వదులుగా పెట్టి, థ్రాటిల్ పూర్తిగా మూసి డిస్క్ దానంతట అదే మధ్యలోకి సర్దుకున్నాక బిగించి, చివరలు మళ్లీ విచ్చదీస్తాను. ఈ ఒక్క పనిలో అశ్రద్ధ పనికిరాదు: ఊడిన స్క్రూ నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది.

ఫ్లోట్‌ను (పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే బోలు భాగాన్ని) చెవి దగ్గర ఊపి చూడండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే చిల్లు పడ్డట్టే. గాస్కెట్లు, పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వ్ ఎలాగూ కొత్తవే వేయాలి.

పిస్టన్ కింద బిగించే నీడిల్ (సూది) భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. తర్వాత జెట్‌ను (నీడిల్ దిగే, పెట్రోలు వచ్చే సన్న గొట్టాన్ని) మధ్యలోకి తేవడం. జెట్ లాక్ నట్ వదులు చేసి, జెట్‌ను పూర్తిగా పైకి నెట్టి, పిస్టన్‌ను కిందికి అదిమి పట్టి లాక్ నట్ బిగించాలి. ఇప్పుడు పిస్టన్‌ను ఎత్తి వదిలితే ‘టక్’మని శుభ్రంగా దిగాలి. జెట్‌ను కిందికి దించాక అదే చప్పుడు ఇంకా గట్టిగా వస్తే నీడిల్ జెట్‌కు రాసుకుంటోంది, మళ్లీ చేయాల్సిందే. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని తర్వాత బాధపడతారు.

డ్యాంపర్‌లో (బెల్ పైభాగంలో పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే భాగంలో) ఎస్‌ఏఈ 20 నూనె పోసి, జెట్ అడ్జస్టింగ్ నట్‌ను (మిక్స్చర్ సరిచేసే, లాక్ నట్ కాని వేరే నట్‌ను) పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి రెండు చుట్లు దించి ఇంజిన్ స్టార్ట్ చేస్తాను. బాగా వేడెక్కాక పిస్టన్‌ను సుమారు 0.8 మి.మీ. ఎత్తుతాను. వేగం పెరిగి అలాగే ఉంటే మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ), వెంటనే పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ). కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. అడ్జస్టింగ్ నట్‌ను ఒక్కసారికి ఒక్క ముఖమే (చుట్టులో ఆరో వంతే) తిప్పుతాను. ప్రతి మార్పు తర్వాత ఇంజిన్‌ను ఒకసారి రేజ్ చేసి అప్పుడే మళ్లీ ఎత్తి చూస్తాను.