ఫ్యాక్టరీలో కచేరీ హాలు
ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె 1942లో చేసిన కాన్సర్ట్ హాల్ కొలాజ్ (ఫొటో మీద కాగితం ముక్కలు అతికించి చేసిన బొమ్మ) మళ్లీ చూస్తున్నా. అడుగున ఉన్నది ఆల్బర్ట్ కాన్ అనే మరో ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన విమానాల ఫ్యాక్టరీ ఫొటో. పైకప్పును మోసే స్టీల్ ట్రస్సులు (కడ్డీల చట్రాలు) అలాగే ఉంచి, గోడలు రావాల్సిన చోట కాగితం ముక్కలు అతికించాడు. అంతే, కచేరీ హాలైపోయింది!

ఇలాంటిది చేసి చూడాలనుకుంటే ముందు ఫొటోలో వానిషింగ్ పాయింట్, అంటే దూరంగా పోయే గీతలన్నీ కలిసినట్టు కనిపించే చోటు, పట్టుకోండి. గోడ ముక్క పై అంచూ కింది అంచూ అటే పోవాలి, లేదంటే గోడ గాల్లో తేలుతుంది. జిగురు రాయకుండా అన్నీ పేర్చి చూసుకుని, వెనక ఉండేవి మొదట అతికించండి. ఫెవికాల్ వద్దు, అందులోని నీటికి పలచని మ్యాగజైన్ కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. అడుగున 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) అట్ట, అతికించడానికి గ్లూ స్టిక్ చాలు. మనుషుల బొమ్మలు ఒకటో రెండో పెట్టండి. ఎక్కువైతే పెళ్లి పందిరే.