ఖాళీ గడి

శుక్రవారం, రాత్రి పదిన్నర

పొద్దున్నుంచి ముసురు పట్టింది. మా హనుమకొండలో నయీంనగర్ నాలా ఇంకా పొంగలేదు గానీ మా లైన్లో షాపుల వాళ్లంతా గంటకోసారి పోయి చూసొస్తున్నారు. ఇలాంటి రోజు జిరాక్స్‌కి ఎవరూ రారు. అందుకే పెండింగులో ఉన్న థీసిస్ ముందేసుకున్నాను. జానపద కథల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లగాడిది, ములుగు వైపు ఊరు. సోమవారం గైడ్‌కి చూపించాలట. "అక్కా, ఎంతవరకొచ్చింది?" అని పొద్దటినుంచి ఒకటే ఫోన్లు.

టైపు చేసేవాళ్లు చదవరని జనం అనుకుంటారు. చాలావరకు నిజమే. కళ్లు పేపరు మీద, వేళ్లు కీబోర్డు మీద, బుర్ర మాత్రం స్టవ్ మీది కుక్కర్ దగ్గర. ఎడ్యుకేషన్ థీసిస్‌లు, బాటనీ థీసిస్‌లు ఎన్ని నా చేతిమీదుగా పోయాయో, ఒక్క ముక్క గుర్తులేదు. కథల సంగతి వేరు. కథ వచ్చిందంటే బుర్ర దానంతటదే వచ్చి పక్కన కూర్చుంటుంది.

రెండో అధ్యాయం సిద్ధాంతాలది. మనుషులందరి మనసు అడుగున కొన్ని ఆదిరూపాలు ఉంటాయని మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ అన్నాడట: తల్లి, ముసలి జ్ఞాని, మాయలమారి, మనలోనే దాక్కుని ఉండే నీడ. తర్వాత ప్రాప్ అనే రష్యా ఆయన. వంద మాయకథలు తీసుకుని విప్పి చూసి, 1928లో తేల్చిందేమిటంటే, కథలు ఎన్నయినా వాటిలో జరిగే పనులు 31కి మించవు, పాత్రలు ఏడు రకాలు దాటవు. ఆ 31 పనుల జాబితా టైపు చేయడానికే నాకు కాఫీ చల్లారిపోయింది. చివరికి జోసెఫ్ క్యాంబెల్ అనే అమెరికా ఆయన. 1949లో 'ది హీరో విత్ ఎ థౌజండ్ ఫేసెస్' అని పుస్తకం రాశాడు. ప్రపంచంలో వీరుల కథలన్నీ లోపల ఒకటే కథ అంటాడు. వీరుడు ఉన్న ఊరు వదులుతాడు, తెలియని లోకంలో పరీక్షలకు నిలబడతాడు, ఏదో ఒకటి సంపాదించి తిరిగొస్తాడు. ఈ మూడు ముక్కల్నే 17 మెట్లుగా విడగొట్టాడు. ఎనభైల్లో డిస్నీ కంపెనీలో పనిచేసే వోగ్లర్ అనే ఆయన దీన్నంతా ఏడు పేజీల మెమోగా కుదిస్తే హాలీవుడ్ అంతా చేతులు మారిందట. ఏడు పేజీలంటే నా దగ్గర గంట పని.

నిజం చెప్పాలంటే మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎక్కడి అమెరికా, ఎక్కడి రష్యా, మన కథ వాళ్లకెట్లా దొరుకుతుంది? సరేలెమ్మని చిన్నప్పుడు విన్న బాలనాగమ్మ కథ పెట్టి చూశాను. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కపిల్లను చేసి ఎత్తుకుపోయాడు. వెతుక్కుంటూ పోయిన మొగుడు రాయైపోయాడు. ఉయ్యాల్లో ఉన్న పిల్లాడు బాలవర్ధి పెద్దవాడై, అమ్మ ఏదని అడిగి, తెలిసి, బయల్దేరాడు. వద్దన్నవాళ్లున్నారు, సాయం చేసినవాళ్లున్నారు. ఏడు సముద్రాల అవతల చిలకలో ఫకీరు ప్రాణం. చిలక మెడ విరిచాడు, అమ్మతో తిరిగొచ్చాడు. ఒక్క మెట్టు తప్పలేదు! క్యాంబెల్ మా వాడకట్టులో బుర్రకథ విని పోయి రాసినట్టే ఉంది. అప్పుడు కాస్త మెత్తబడ్డాను.

మధ్యాహ్నం నుంచి మొదటి అధ్యాయం ప్రూఫ్ దిద్దాను. ఇది మన అలంకారశాస్త్రం. నాయకులు నాలుగు రకాలట: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఈ ఒత్తులు కొట్టినవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం. యూనికోడ్‌లోకి మార్చగానే 'ద్ధ' కాస్తా ఎటో ఎగిరిపోతుంది, ఒక్కోటీ వెతికి పట్టుకోవాలి. నాటకం నడకకు మనవాళ్లు కూడా ఐదు అవస్థలు చెప్పారు: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. మొదలుపెట్టడం, పాటుపడటం, దొరుకుతుందేమోనన్న ఆశ, దొరుకుతుందన్న నమ్మకం, చేతికందడం. వోగ్లర్ మెమో కంటే ఇదే నాకు నచ్చింది. ఇందులో ఇల్లు వదిలి పోవాలన్న షరతు లేదు.

ఆ అధ్యాయంలోనే విద్యానాథుడున్నాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో కూర్చుని 'ప్రతాపరుద్రీయం' రాశాడు. అలంకారశాస్త్రం పుస్తకమే, కానీ ఉదాహరణ పద్యాలన్నీ రాజు మీదే. మొదటి ప్రకరణమే నాయక ప్రకరణం. నాయకుడంటే ఎట్లా ఉండాలి? ప్రతాపరుద్రుడిలా ఉండాలి. నాటకం ఎట్లా ఉండాలో చూపించడానికి నమూనాగా ఒక నాటకమే రాసి పుస్తకంలో పెట్టాడు, అందులోనూ హీరో ఆయనే. రాజు కొలువులో ఉండి ఇంకొకరిని హీరోని చేస్తే జీతం వస్తుందా అని నవ్వుకున్నాను. అయితే సంస్కృతం చదువుకునే పిల్లలు ఈ పుస్తకాన్ని వందల ఏళ్లు పాఠంగా చదివారు. మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి దీనికి వ్యాఖ్యానం కూడా రాశాడు. అంటే మన ఓరుగల్లు రాజు అట్లా శాస్త్రంలోనే హీరో అయి కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగో అధ్యాయం తీశాను. మేడారం.

సమ్మక్క సారలమ్మల మేడారం కథలోనూ ప్రతాపరుద్రుడే ఉన్నాడు. కరువొచ్చి కప్పం కట్టలేమన్న కోయవాళ్ల మీదికి సైన్యాన్ని పంపినవాడుగా. ప్రాప్ ఏడు పాత్రల్లో మొదటిది ఇదే, ప్రతినాయకుడు. నేను పేపరు వెనక్కి తిప్పి మొదటి అధ్యాయం మళ్లీ చూశాను. అదే రాజు, అదే రాజ్యం, అదే మనిషి. ఒకచోట నాయకుడికి లక్షణం, ఇంకోచోట సమ్మక్క మొగుడు పగిడిద్దరాజును, కూతుళ్లు సారలమ్మను, నాగులమ్మను, అల్లుడు గోవిందరాజును పొట్టనబెట్టుకున్నవాడు. కొడుకు జంపన్న ప్రాణం పోయింది సంపెంగ వాగులో, అప్పటినుంచి అది జంపన్న వాగైంది. పిల్లగాడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టలేదు. మధ్యలో రెండు అధ్యాయాలు పడేసరికి ఆయనకే తట్టలేదేమో.

మూడో అధ్యాయంలో మాత్రం మంచి పని చేశాడు. చేర్యాల పటాల ఫోటోలు పెట్టాడు. ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు. ఫైలు బరువెక్కి సిస్టం ఉరికురికి ఆగుతోంది గానీ, ఆ ఎరుపు చూస్తే తిట్టబుద్ధి కాదు. ఈ పటాలు పట్టుకుని కథ చెప్పేవాళ్లు ఊరందరికీ ఒకే కథ చెప్పేవాళ్లు కాదు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. డక్కలివాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెబుతారు. రామాయణంలో జాంబవంతుడి పని ఏమిటి? హనుమంతుడికి తన బలం గుర్తుచేసి సముద్రం దాటమనడం. యూంగ్ లెక్కలో ముసలి జ్ఞాని, సాయం చేసి పక్కకు తప్పుకునే పాత్ర. జాంబ పురాణంలో అట్లా కాదు. భూమి కంటే ముందు పుట్టిన ఆదిపురుషుడు ఆయనే, సృష్టి మొదలయ్యేది ఆయనతోనే, కులాల పెద్దరికం మీద వాదించి నిలిచేదీ ఆయనే. ఒక కథలో పక్కన నిలబడ్డ ముసలాయన ఇంకో కథలో నడిమధ్యకొచ్చాడు. ఎవరి పటంలో వాళ్ల పెద్దమనిషి పెద్ద బొమ్మ. కథల్లో పాత్రలు ఏడే ఉండొచ్చు, ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలన్నది మాత్రం పటం పట్టుకున్నవాళ్ల చేతిలో, ఎదురుగా కూర్చుని వింటున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఆ సంగతి ప్రాప్ జాబితాలో ఎక్కడా కనపడలేదు.

ఇక పట్టిక. థీసిస్ అన్నాక పట్టిక ఉండాల్సిందే, లేకపోతే గైడ్‌లకు నిద్రపట్టదు. నిలువు గడుల్లో పిలుపు, నిరాకరణ, సహాయకుడు, గడప దాటడం, పరీక్షలు, ఫలం, తిరిగిరావడం. అడ్డంగా కథలు. బాలవర్ధి వరస నిండుగా ఉంది. సమ్మక్క వరసలో చివరి గడి దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. ఫోను చేస్తే, "అక్కా, అదే తెల్వట్లేదు. యుద్ధంల బల్లెం పోటు తిని చిలకలగుట్ట మీదికి పోయి మాయమైంది గదా. తిరిగొచ్చుడు లేదు. ఖాళీగ పెడుదామా, డ్యాష్ కొడుదామా?" అన్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది గానీ ప్రింటర్ నడవదు. మా షాపు ఇంటి ముందుగదే కాబట్టి లోపలికి పోయాను. అత్తమ్మ గారెలకని మక్క కంకులు ఒలుస్తోంది. గింజలు పళ్లెంలో కొన్ని, నేలమీద కొన్ని. ఆమె పుట్టిల్లు ఐనవోలు, మల్లన్న జాతరలో ఒగ్గు కథలు వింటూ పెరిగిన మనిషి. మేడారం కూడా వదిలిపెట్టదు, ఎత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, ఇచ్చి వస్తుంది.

"అత్తమ్మా, సమ్మక్క తిరిగొచ్చిందా?" అన్నాను.

"ఎటు పోయింది తిరిగొచ్చెటందుకు?"

"అదే, గుట్ట మీదికి పోయింది గదా."

"గుట్ట ఆమె ఇల్లు గాదుపిల్లా? ఇంట్లున్నది. మనం పిలిస్తె గద్దె మీదికొస్తది, మన మొక్కులు తీసుకుంటది, ఇంటికి పోతది. గంతే." కంకి మళ్లీ చేతిలోకి తీసుకుంది, ఇంక అడిగేదేముంది అన్నట్టు.

నేను అక్కడే పీట మీద కూర్చుని ఆలోచించాను. క్యాంబెల్ గీసిన దారిలో ఇల్లు అంటే ఊరు, అడవి అంటే తెలియని లోకం. వీరుడు ఊరు దాటి అడవిలో అడుగుపెడితే కథ మొదలవుతుంది. సమ్మక్కకు అది తలకిందులు. కోయదొరలకు ఆమె పసిపిల్లగా దొరికింది పులుల మధ్య, అడవిలోనే. అక్కడే పెరిగింది, అక్కడే కత్తి పట్టింది, చివరికి అడవిలోకే పోయింది. వెతకపోయినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి, బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. గురువారం పూజారులు చిలకలగుట్ట ఎక్కి సమ్మక్కను తెస్తారు, పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు. శనివారం వనప్రవేశం. అంటే ఆమె బయటికి వెళ్లే ప్రయాణం గద్దె దాకా, తిరుగు ప్రయాణం గుట్ట దాకా. అంతా ఉంది. మనమే ఊళ్లో నిలబడి చూస్తున్నాం కాబట్టి రావడాన్ని పోవడమనీ, పోవడాన్ని రావడమనీ రాసుకుంటున్నాం.

థీసిస్‌లో ఇంకో ముక్క కూడా ఉంది. క్యాంబెల్ కథలో ఆడవాళ్ల ప్రయాణం ఎక్కడని మౌరీన్ మర్డాక్ అనే ఆవిడ ఆయన్నే అడిగిందట. ఆడవాళ్లు ప్రయాణం చేయక్కర్లేదు, అందరూ చేరాలనుకునే చోటే ఆమె కదా అన్నాడట ఆయన. ఆ జవాబు మింగుడుపడక ఆవిడ 1990లో 'ది హీరోయిన్స్ జర్నీ' అని వేరే పుస్తకం రాసింది. మేడారానికి కోటిమంది దాటి వస్తారని సర్కారు లెక్క. ఆ లెక్కన క్యాంబెల్ మాట నిజమే కదా అని ఎవరైనా అనొచ్చు. కానీ సమ్మక్క ఊరికే కూర్చుని అందరూ చేరే చోటు అవలేదు. మొగుణ్ని, పిల్లల్ని పోగొట్టుకుని, వెనకనుంచి పొడిపించుకుని అయింది.

తిరిగిరాని వాడెవరయ్యా అంటే ప్రతాపరుద్రుడు. 1323లో కోట పడిపోయాక తుగ్లక్ సైన్యం ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం వదిలాడు. విద్యానాథుడు రాసిన నాటకంలో ఆయనకు పట్టాభిషేకం ఉంది, ఫలాగమం ఉంది. ఈ గడి మాత్రం నిజంగానే ఖాళీ. ఆయన పేరు పట్టికలో లేదు కాబట్టి ఎవరికీ చిక్కు రాలేదు.

కరెంటు ఏడింటికి వచ్చింది. పిల్లగాడికి ఫోను చేసి అత్తమ్మ అన్నది అన్నట్టే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"అక్కా, మంచిగున్నది. కని గైడ్ సార్ సోర్స్ ఏదంటడు."

"కథలు చెప్పినోళ్లది వక్తల జాబితా ఉన్నది గదా తమ్మీ, చివర్ల. అందుల మా అత్తమ్మను పెట్టు."

"నిజమే! పేరు, ఊరు, వయసు చెప్పు అక్కా, రాసుకుంటా."

పేరు, ఊరు చెప్పాను. వయసు దగ్గర ఆగి లోపలికి కేకేశాను. నూనెలో గారె వేస్తూ అత్తమ్మ అడిగింది, "ఏది జెప్పాలె బిడ్డా, ఆధార్ల ఉన్నదా, అసలుదా?"

పిల్లగాడు ఫోన్లోనే విన్నాడు. రెండూ రాయమన్నాడు.